చదవకుండా పెట్టిన సంతకం

నాకు సంతకం చెయ్యడం వచ్చు. మూడో తరగతిలో బడి మానిపించేసరికి పేరు రాయడం దాకా నేర్చేసుకున్నాను. మిగతా అక్షరాలన్నీ కూడబలుక్కోవాలి. వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయేదాన్ని. ఆ కాస్త చదువే నన్ను ముంచింది. వేలిముద్ర వేసేదాన్నయితే కాగితంలో ఏటుందో ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. సంతకం పెట్టేదానికి చదవడం కూడా వచ్చనుకుంటారు కదా, వినిపించరు.

రాజాంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా పని చేశాను. పదకొండేళ్ల కిందట అక్కడి నర్సులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఒక్కొక్క నర్సుకి ముప్పయ్యేసి మంచాలు అప్పజెప్తే ఏ రోగిని చూస్తారు, ఏ రోగిని వదిలేస్తారు? వాళ్లని ముందుండి నడిపింది మా ఆడవార్డు సిస్టరమ్మ. నా చెయ్యి సీసా పెంకుతో తెగితే, తను తినబోతున్న అన్నం పక్కన పెట్టి కట్టు కట్టిన మనిషి.

నోటీసు ఇస్తారనగా ముందు రోజు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆ గది రోజూ తుడిచేదాన్నే గాని కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోమన్నాడు. పింగాణీ కప్పులో టీ తెప్పించాడు.

"ఏం లేదమ్మా, మీ వార్డుకి కొత్త దుప్పట్లు వచ్చాయి. ముట్టినట్టు సంతకం పెట్టు."

కాగితం తెలుగులోనే ఉంది. కూడబలుక్కుంటే చదవగలను. కానీ ఆయన ముందు వేలు పెట్టి ఒక్కో అక్షరం వెతుక్కోవడానికి సిగ్గేసింది. "టీ చల్లారిపోతోంది" అన్నాడు. పెట్టేశాను. సిరా ఆరడానికి ఆయన దాని మీద మెల్లగా ఊదాడు.

దుప్పట్లు రాలేదు. సిస్టరమ్మ డ్యూటీలో ఉండి రోగిని వదిలేసి మీటింగుకి పోయిందని, కళ్లారా చూసిన సాక్షిని నేనని ఉన్న ఆ కాగితాన్నే మర్నాడు బోర్డు మీద అంటించారు. ఆమెని తీసేశారు. మిగతావాళ్లు బెదిరిపోయారు. ఆ సమ్మెకి పురిట్లోనే సంధి కొట్టింది.

గేటు దగ్గర ఆమె కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. "సంతకం గుండ్రంగా పెట్టేవమ్మా" అంది.

పగ వదిలేస్తే మనసు తేలికవుతుందని గుళ్లో పురాణం చెప్పేవాళ్లు అంటారు. నేను ఏదీ వదిలేసే మనిషిని కాదు. మా ఇంట్లో చిరిగిన చీర బొంతవుతుంది, కొబ్బరి పీచు గిన్నెలు తోముతుంది. పగనెందుకు పారేస్తాను?

ఆ మర్నాటి నుంచి చదవడం మొదలెట్టాను. శనగల పొట్లం విప్పితే కాగితం పారెయ్యకుండా చదివేదాన్ని. అప్పట్లో బడికెళ్లే నా మనవరాలు పక్కన కూర్చుని "ఒత్తు మింగేసేవు అమ్మమ్మా" అని దిద్దేది. పని మానేసే నాటికి పేపరు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చదివేస్తున్నాను.

ఆ మనవరాలే ఇప్పుడు అదే ఆసుపత్రిలో నర్సు. మేనేజరూ వాడే, జుట్టుకి రంగేస్తున్నాడంతే. మంచాలు మాత్రం ముప్పై కాదు, నలభై.

పోయిన నెల నుంచి నర్సుల యూనియను మీటింగులు మా వీధి గదిలో పెట్టుకుంటున్నారు. ఏడెనిమిది మంది పిల్లలు వస్తారు. టీ ఇస్తాను, ఎవరి గ్లాసు వాళ్లే కడగాలి. సమ్మె జరిగితే ఐసీయూలో ఎవరుండాలి, పురిటి గదిలో ఎవరుండాలి అని ముందు వంతులు వేసుకున్నారు. రోగికి కష్టం రాకుండా మేనేజరు మెడ వంచాలని వాళ్ల పట్టుదల. అది నాకు నచ్చింది.

చిక్కల్లా నోటీసు దగ్గరే వచ్చింది. అంతకు ముందొక అర్జీ కౌంటర్లో ఇచ్చి వస్తే, అసలు తనకి ముట్టనే లేదన్నాడు మేనేజరు. అందుకని ఈసారి రెండు కాగితాలు పట్టుకెళ్లాలి, రెండో దాని మీద అందినట్టు వాడి చేత సంతకం పెట్టించుకోవాలి. పట్టుకెళ్లిన పిల్ల మీద ముందు వేటు పడుతుందని అందరికీ తెలుసు.

"నేనెళ్తాను" అంది మనవరాలు.

"నువ్వు గాని ఎల్లేవంటే కాళ్లిరగ్గొడతాను."

"మరెవరెళ్తారు? నువ్వెళ్తావేటి?"

పిల్లలందరూ నవ్వారు.

"నానే ఎల్తాను. నన్ను ఏ పన్లోంచి తీసెస్తాడు? తుడిసి తుడిసి నడుం ఒంగిపోనాది, నా కాడ అదొక్కటే ఉంది. తీసుకోమను."

"అక్కడ కోపంలో నోరు జారితే అమ్మమ్మా?" అంది ఒక పిల్ల.

"పదకొండేళ్లు నాలిక పళ్ల మజ్జిన పట్టుకున్నాను. ఇప్పుడు జారుతాదేటే? ముందా కాగితం ఇలగియ్యి, సదవనీ."

రెండుసార్లు చదివాను. ఏ తేదీ నుంచి సమ్మో ఉంది. ఏ డ్యూటీ నుంచో లేదు.

"పొద్దున్న డ్యూటీకి ఎక్కినోలు మద్దేనం ఏటి సేస్తారు?"

"తర్వాత వచ్చే నర్సుకి రోగుల్ని అప్పగించే దిగుతాం అమ్మమ్మా. అప్పగించకుండా ఏ నర్సైనా దిగుతుందా?"

"అది నీకు తెలుసు. కాగితానికి తెలుసా? రాయనిది సెయ్యనట్టేనని మీ సిస్టర్లే కదే కేస్ షీట్లు పట్టుకుని కేకలేసేది?"

అప్పగించడం వాళ్లకి ఊపిరి పీల్చుకోవడం లాంటిది, అందుకే రాయాలని తోచలేదు. మేనేజరుకి కావాల్సింది అదే సందు. రోగిని వదిలేసి పోయిందన్న పాత మాటే మళ్లీ బోర్డెక్కేది, ఈసారి నా మనవరాలి మీద. ప్రతి డ్యూటీ అప్పగింత పూర్తయ్యాకే దిగుతామని, తీసుకునే మనిషిని పంపడం ఆసుపత్రి బాధ్యతని రాయించాను. పిల్లలు కొత్త కాగితం మీద మళ్లీ సంతకాలు చేశారు. ఒక్కొక్కరి చేతా చదివించాకే పెట్టనిచ్చాను.

సోమవారం పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను. ఆ గది తలుపు తెరిచే ఉంది, వరండాలో ఇద్దరు ఆయాలు తడిగుడ్డ పెడుతున్నారు. వాడు తలెత్తలేదు.

"అక్కడ పెట్టి వెళ్లమ్మా."

"సంతకం కావాల బాబూ."

"తర్వాత చూస్తాను."

"సూడండి. నాను కూకుంటాను."

ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు చూశాడు.

"ఎవరు నువ్వు?"

"దుప్పట్లు ముట్టినాయని సంతకం ఎట్టినదాన్ని. అవింకా రానేదు."

మొహంలో రంగు మారింది. గుర్తుపట్టాడు. గంట కొట్టబోతూ, "టీ తాగుతావా" అన్నాడు.

"సల్లారిపోద్ది బాబూ. ముందు సదవండి. గట్టిగా సదవండి, నాకు సదువు రాదని మీకు తెలుసు కదా."

వరండాలో తడిగుడ్డల చప్పుడు ఆగిపోయింది. వాడికీ వినిపించింది ఆ ఆగడం. చదివాడు. అప్పగింత మాట దగ్గర వెనక్కెళ్లి మళ్లీ చదివాడు. సందు మూసేసి ఉందని అర్థమైంది. నా ప్రాణానికి అప్పుడు తగిలింది చల్లగాలి.

సంతకం పెట్టాడు. తేదీ వెయ్యమన్నాను. టైమూ వెయ్యమన్నాను. కాగితం నా ముందుకి లాక్కుని సిరా ఆరేదాకా మెల్లగా ఊదాను, వాడు చూస్తుండగా.

జిరాక్సు తీయించుకుని, అసలు కాగితం పిల్లలకిచ్చి విజయనగరం బస్సెక్కాను. సిస్టరమ్మ అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోములో ఉంటోందని ఎప్పుడో కనుక్కున్నాను గాని, వట్టి చేతులతో మొహం చూపించలేకపోయాను. ఆమె జుట్టు నెరిసింది. నన్ను చూసి కూర్చోమనలేదు. నిలబడే ఇచ్చాను. నిలబడే చదివింది, చివరిదాకా.

"ఇందులో నీ సంతకం లేదే."

"నాదెందుకమ్మా. ఆడిది ఉన్నాది."

నవ్వలేదు.

"అప్పగింత మాట ఎవరు రాయించారు?"

"నానే."

కాగితం మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుంది. తిరిగి ఇవ్వలేదు.

"సమ్మె మొదలయ్యే రోజు నాకు డ్యూటీ ఉంది" అంది. జేబు తడుముకుని, "మార్చుకుంటాను" అంది.

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. సమ్మె తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈలోపు వాడు దిగొచ్చి పిల్లలతో రాజీ కుదుర్చుకుంటే కుదుర్చుకోనీ, వాళ్ల బతుకులు వాళ్లవి. మేమిద్దరం మాత్రం ఆ రోజు పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర నిలబడతాం. లోపలికెళ్లాలంటే వాడు మా ముందు నుంచే వెళ్లాలి.