అత్తమ్మకు రుచి పోయిన చలికాలం

మా అత్తమ్మకు నోటి రుచి పోయిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ ఇరవై రోజుల దాకా తెలియలేదు. రోజూ ఆమె వండిందే తింటున్నాం. నేనైతే ఆమె కట్టిచ్చిన డబ్బా పట్టుకొని రాయికోడ్ వైపు పల్లెలో నేను పాఠాలు చెప్పే బడికి పోయి, మధ్యాహ్నం తోటి టీచర్లకు తలా ఇంత పెట్టి, ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేదాన్ని. వండిన మనిషికే ఆ కూర రుచి తెలియడం లేదని నాకెట్లా తోస్తుంది?

అత్తమ్మది న్యాల్‌కల్ దగ్గర ఒక మెట్ట ఊరు. పెళ్లయి జహీరాబాద్ వచ్చింది. నేను కోడలిగా రాకముందే మామయ్య పోయారు. ఇంట్లో మేం నలుగురం: అత్తమ్మ, మోటార్లకు వైండింగ్ చేసే మా ఆయన, నేను, నాలుగో తరగతి చదివే మా పాప. అత్తమ్మ బడి మొహం చూడలేదు. కానీ జొన్న రొట్టె దగ్గర ఆమె ముందు ఎవరూ నిలవలేరు. వేణ్ణీళ్లతో తడిపిన పిండిని మెదిపి, పీట మీద అరచేత్తో టపటపా కొడుతుంటే అంచు ఎక్కడా పగలకుండా పళ్లెమంత అవుతుంది. పెనం మీద వేసి, పైన తడి గుడ్డ రాసి తిప్పితే బుస్సుమని పొంగుతుంది. రొట్టె, పుంటికూర అనే గోంగూరతో పప్పు, ఎల్లిపాయ కారం, వారంలో నాలుగు రోజులు మాకు ఇదే భోజనం. పొద్దు గూకగానే నలుగురం ఒక్కచోట కూర్చుని తినాలన్నది ఆమె పెట్టిన నియమం. అంతకుమించి ఆమె ఎప్పుడూ మా మీద పెత్తనం చేయలేదు.

నేను అన్నం తినే ఇంటి నుంచి వచ్చాను. ఒక చేత్తో ఫోను చూస్తూ, ఒక చేత్తో తినేదాన్ని. ఎట్లా ఉందని అత్తమ్మ అడిగితే బాగుందనేదాన్ని. అప్పటికి పదకొండేళ్లుగా ఆ ఒక్క మాటే చెప్పాను.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ జ్వరాలు వచ్చాయి. అందరికంటే ముందు లేచి పొయ్యి దగ్గరికి పోయింది అత్తమ్మే. మిరియాల చారు కాచి మాకు మంచాల దగ్గరికే తెచ్చిచ్చింది. వారంలో అందరం తేరుకున్నాం, ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం.

తర్వాత ఒక సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. నేను మజ్జిగ కలుపుకున్నాను. పాప మాత్రం, “నాయినమ్మా, పప్పుల పప్పు లేదు, ఉప్పే ఉన్నది” అంది. అత్తమ్మ నవ్వి, “మాటల్ల పడి రెండుసార్లు ఏసినట్టున్న బిడ్డా” అంది. మేమూ నవ్వాం. ఆమె మాత్రం తన గిన్నెలోని పప్పు చివరిదాకా తినేసింది. అది నా కళ్ల ముందే జరిగింది కాని నేను పట్టించుకోలేదు.

మరో నాలుగు రోజులకు నేను బస్సు దిగి ఇంటికి వస్తుంటే వీధి మలుపులోనే మాడు వాసన తగిలింది. ఎవరింట్లోనో అనుకున్నాను. గడప దాటేసరికి పొగ మా ఇంట్లోనే ఉంది. స్టవ్ మీద పాలగిన్నె అడుగంటి నల్లబడుతోంది. దానికి రెండు బారల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, అత్తమ్మ నిదానంగా పుంటికూర ఆకు తుంపుతోంది.

“అత్తమ్మా, పాలు మాడుతున్నయి.”

ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత వెనక్కి తిరిగి పొయ్యిని చూసింది. లేచి స్టవ్ ఆపింది. గిన్నె దించి నీళ్లు పోసింది. నా వైపు తిరగకుండా దాన్ని తోమడం మొదలుపెట్టింది.

“నీకు వాసన రాలేదా?” అని అడిగాను.

“లేదు బిడ్డా. వాసన లేదు, రుచి లేదు. జ్వరం తగ్గినకాడికెల్లి గిట్లనే ఉన్నది. ఏం తిన్నా తడిసిన అట్ట ముక్క నమిలినట్టున్నది.”

నేను పీట లాక్కుని ఆమె దగ్గర కూర్చున్నాను. “మరి ఇన్ని రోజులు ఎట్ల వండినవ్?”

“చెయ్యికి ఎర్కనే గద. ఉప్పెంతనో చెయ్యి చెప్తది. పోపు అయిందో లేదో చెవి చెప్తది. పప్పు మెదిగిందో లేదో గంటె చెప్తది. అన్నిటికీ నోరే కావాల్నా?” అని కాస్త ఆగి, గొంతు తగ్గించి, “వానికి చెప్పకు” అంది.

వాడంటే మా ఆయన. ఎందుకు చెప్పొద్దని అడిగాను.

“నువ్వు కూసో అమ్మా, కోడలు చూసుకుంటది అంటడు. నా మంచికే అంటడు. కాని నేను కూసుండి ఏం జెయ్యాలె?”

ఆ రోజు పాలు లేవని చెప్పి నల్ల టీ తాగాం.

ఆ శనివారం మోకాళ్ల నొప్పి అని చెప్పి ఆమెను దవాఖానకు తీసుకుపోయాను. జ్వరం తర్వాత కొందరికి ఇట్లా అవుతుందనీ, ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేమనీ డాక్టరమ్మ చెప్పింది. రోజుకు రెండు పూటలు ఘాటైన వస్తువులు వాసన చూస్తూ ఉండమంది. అప్పటి నుంచి పొద్దున్నే, మా ఆయన లేవకముందే, అత్తమ్మ గడప దగ్గర కూర్చుని, కళ్లు మూసుకొని, లవంగం, నిమ్మకాయ, వాము ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టుకునేది. మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె అది చూసి సంగతి అడిగింది. విని, తన ఇంట్లోకి పోయి ఒక చిన్న అత్తరు సీసా తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టి, “రోజూ వాసన చూడు అక్కా, ఫికర్ చెయ్యకు. నేను ఎవరికీ చెప్పను” అంది. నాలుగోదిగా అత్తరు చేరింది.

“ఏమన్న వచ్చిందా?” అని నేను రోజూ అడిగేదాన్ని.

“రాలే. రేపొస్తదేమో,” అని అన్నీ పొట్లం కట్టి పొయ్యి దగ్గరికి పోయేది. ఆ మాటలో విసుగు ఒక్కనాడూ వినిపించలేదు. నేనైతే మూడో రోజుకే లవంగాలు విసిరికొట్టేదాన్ని.

ఇక ఉప్పూ పులుపూ చూసే పని నా మీద పడింది. బస్సుకు పోయే ముందు ఆమె గంటెతో నా అరచేతిలో కొంచెం వేసేది. నేను నాకి, బాగుందనేదాన్ని. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు గంటె గిన్నెలో పెట్టేసింది.

“బాగున్నదంటె నాకేం ఎర్కయితది? ఉప్పు ముందు తగుల్తున్నదా, పులుపు ముందు తగుల్తున్నదా? కారం నాలుక మీదనా, గొంతులనా? మింగినంక నోట్ల ఏం మిగిలింది? అది చెప్పు.”

నాకేం మిగిలిందో నాకు తెలియదు. మళ్లీ అరచెయ్యి చాచాను. ఈసారి కళ్లు మూసుకున్నాను. “పులుపు ముందు వచ్చింది. ఉప్పు వెనక వచ్చింది. కారం... చివరికి గొంతులో,” అన్నాను.

“అట్ల చెప్పు,” అని చిటికెడు ఉప్పు వేసి కలిపింది. “ఇప్పుడు?”

ఇప్పుడు రెండూ కలిసి వచ్చాయి. అదే మాట చెప్పాను. ఆమె తల ఊపి మూత పెట్టింది. ఆ రోజు నా బస్సు తప్పిపోయింది కాని, పప్పు తినడమంటే ఏమిటో నా ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది.

అట్లా రెండు నెలలు గడిచాయి. ఖాలా శుక్రవారం పంపే ఖట్టా అనే పుల్లటి చారు గిన్నె వస్తే అత్తమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, “ఇయ్యాల ఏమేసింది?” అని అడిగేది. కరివేపాకు కొంచెం మాడింది, చింతపండు పాతది అని నేను చెప్తుంటే, చెవితోనే ఆ చారు తాగుతున్నట్టు వినేది.

చలికాలం మధ్యలో ఒక అమావాస్య వస్తుంది. ఆ రోజు రాష్ట్ర సరిహద్దులోని మా ఊళ్లలో ఎవరూ ఇంట్లో తినరు. చుట్టాలనూ దారిన పోయేవాళ్లనూ పిలిచి చేలోనే భోజనం పెడతారు. పచ్చి కందులు, అనుములు, బఠాణీలు, మెంతికూర, ఉల్లికాడలు, చింతపులుసు వేసి, చివర్లో శనగపిండి కలిపి పెద్ద గుండిగలో చేసే బజ్జికూర, దానికి తోడు నువ్వులద్దిన సజ్జ రొట్టెలు. అత్తమ్మ తమ్ముడి చేలో ఆ కూర ఏటా అత్తమ్మే వండాలి. ఆ ఏడాది నలభై మంది దాకా వస్తారన్నారు. “ఈసారి ఒంట్లో బాగలేదని చెప్పరాదా?” అన్నాను. “ఒంట్లో మంచిగనే ఉన్నది గద,” అంది.

జొన్న చేను నడుమ రాళ్ల పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆమె నన్ను కంటితో పిలిచింది. చాటుగా అరచేతిలో వేసింది. డబ్బాలో కూర వేరు, నలభై మంది కూర వేరు.

“ఉప్పు సరిపోయింది. పులుపు ముందే తగుల్తున్నది. మింగినంక నాలుక మీద గరుకుగ ఉంటున్నది, సుద్ద ముక్క నాకినట్టు,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “శెనగపిండి ఉడకలే. మంట ఎక్కువై పైపైన మసులుతున్నది.” రెండు కట్టెలు బయటికి లాగి, అడుగు నుంచి కలుపుతూ కూర్చుంది. కొంతసేపటికి మళ్లీ అడిగింది. గరుకు పోయింది, కాని పులుపు పంటికి తగులుతోందని చెప్పాను. నిమ్మకాయంత బెల్లం వేసింది. మూడోసారి నోట్లో వేసుకున్నప్పుడు నేనేమీ చెప్పలేదు. ఆమె నా ముఖం చూసి గంటె పక్కన పెట్టింది.

అందరూ వరసగా కూర్చున్నారు. మొదటి ముద్ద తింటూనే అత్తమ్మ మరదలు, “వదినె చెయ్యి పడితే ఉప్పు పులుపు ఎక్కడియక్కడ కూసుంటయ్” అంది. అవునవునన్నారు పక్కవాళ్లు. అత్తమ్మ గంటె పట్టుకొని నిలబడి, మామూలు గొంతుతో చెప్పింది.

“ఉప్పు పులుపు నేను చూడలే. మూడు నెలలకెల్లి నాకు నోటికి రుచి లేదు, ముక్కుకు వాసన లేదు. చూసింది నా కోడలు. ఆమె చెప్పింది, నేను చేసిన.”

తినేవాళ్ల చేతులు ఆగాయి. మా ఆయన ముద్ద పట్టుకొని అట్లాగే తల్లిని చూస్తూ ఉండిపోయారు. వరస చివర కూర్చున్న ఒక ముసలామె, “మరి ఎట్లున్నదో నీకెట్ల తెలుస్తదే?” అంది.

“మీ మొకాలు చూస్తె తెల్వదా?” అని అత్తమ్మ ఆమె రొట్టె మీద ఇంకో గంటె కూర వేసింది.

ఎవరో నవ్వారు, మళ్లీ భోజనాలు సాగాయి. మూడు నెలలు కన్నకొడుకుకు దాచిన మనిషి, తనకు రానున్న మెప్పులో నా వాటా నాకివ్వడానికి నలభై మంది ముందు ఆ దాపరికాన్ని వదిలేసింది. నేను అడగలేదు. అడగాలని నాకు తోచను కూడా తోచలేదు.

తిరుగుదారిలో ఆటోలో మా ఆయన అడిగారు. “నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఉప్పు రెండుసార్లు పడ్డనాడు నువ్వు నాకు చెప్పినవా?”

పాప మా ముగ్గురినీ చూసి, “నేను చెప్పిన గద,” అంది.

అత్తమ్మ భయపడినట్టు ఆయన ఆమెను పొయ్యి దగ్గర నుంచి లేపలేదు. మర్నాటి నుంచి తినేటప్పుడు, కాస్త మొహమాటంగానే, “ఇయ్యాల కారం జర తక్కువైందమ్మా” అని చెప్పడం మొదలుపెట్టారు. ఎక్కువసార్లు తప్పే చెప్పేవారు. అత్తమ్మ శ్రద్ధగా వినేది.

ఎండలు ముదిరే రోజుల్లో ఆమెకు ముందు పులుపు తెలిసింది, తర్వాత ఉప్పు. వాసనలు వంకరగా తిరిగొచ్చాయి. ఉల్లిపాయ వేగితే కుళ్లు కంపు కొట్టేది, మూతికి కొంగు కట్టుకొని వేయించేది. ఇప్పుడు చాలావరకు సర్దుకున్నాయి. పాల వాసన మాత్రం నేటికీ రాలేదు. అందుకని పాలు పొంగేదాకా గిన్నె ఎదురుగా పీట వేసుకొని కూర్చుంటుంది, ఎవరు పిలిచినా కదలదు.

నాకు రుచి చూసి చెప్పే అలవాటు పోలేదు. బడిలో మధ్యాహ్నం పిల్లల వరసలోనే కూర్చుని తింటున్నాను. పప్పు ఎట్లుందని అడిగితే మొదట్లో అందరూ బాగుందనే అనేవాళ్లు. మొన్నీమధ్య మూడో తరగతి పిల్ల ఒకతె, “టీచర్, ఇయ్యాల కొత్త కందిపప్పు, తియ్యగున్నది” అంది. వంటామెను అడిగితే నిజమే, ఆ పొద్దునే కొత్త బస్తా విప్పిందట. ఇంటికొచ్చి చెప్పగానే అత్తమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. “ఆ పిల్లను ఒకనాడు తోల్కరా, రొట్టె పెడ్త” అంది.

పోయిన ఆదివారం ఆ పిల్ల తల్లితో కలిసి వచ్చింది. అత్తమ్మ పెనం మీది రొట్టె తీసి నేరుగా ఆ పిల్ల పళ్లెంలో వేసి, ఎదురుగా కూర్చుంది. మొదటి రొట్టె ఆ పిల్ల తల వంచుకొని తినేసింది. రెండో రొట్టె సగంలో సిగ్గు తీరిందేమో, కారంలో ఎల్లిపాయ ఎక్కువైందని మెల్లగా చెప్పింది. తల్లి కంగారుపడి పిల్ల మోచెయ్యి తట్టింది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

“ఎక్కువైందా? ఎంత ఎక్కువైంది బిడ్డా?” అని పీట జరుపుకొని ఆ పిల్ల పక్కకు వచ్చి కూర్చుంది.