దుప్పటి మీద నీడలు చూసే ఎర్కులానా

ముందే ఒప్పేసుకుంటాను. ఆ సీతాకోకచిలుక రెక్కల మీద నల్లగీతలు గీసింది నేనే. మా వంటింటి బల్ల మీద, స్కెచ్ పెన్నుతో, ఊపిరి బిగబట్టి మరీ గీశాను. నలుగురు నవ్వుకుంటారనుకున్నాను గానీ, నలభై ఒక్క మంది చేతులెత్తుతారనీ, డోన్యా ఎర్కులానా కొలువు ఊడుతుందనీ అనుకోలేదు. నా సంగతి ఇంతటితో చాలు, కథ ఆవిడది.

మా ఊరు లోమా సెకాలో ఆవిడ చేసే పనల్లా ఒక్కటే. అక్టోబరు ఆఖర్న కొండ దాటి వచ్చే మొదటి మోనార్క్ సీతాకోకచిలుకను గుర్తుపట్టి, "వచ్చింది" అనడం. ఆవిడ ఆ మాట అనేదాకా చర్చి ముందు తారాజువ్వ వెలగదు. అడవి దారికి కట్టిన తాడు విప్పరు. ఇళ్లల్లో పోయినవాళ్ల పటాల ముందు రొట్టె పెట్టరు. ఎందుకంటే పోయినవాళ్లు వచ్చేది ఆ చిలుకలతోనే. ఏదో ఒక చిలుకను చూసి తొందరపడి రొట్టె పెట్టేస్తే, పొరుగూళ్లో పోయిన ముసలాడెవడో వచ్చి కూర్చుని తినేసి పోతాడు. మనవాళ్లొచ్చేసరికి ఖాళీ పళ్లెం.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ మాట ఒక్కసారి తప్పలేదు. ఇప్పుడు డెబ్బై మూడేళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు. ముక్కుకు ఆనించుకుంటే తప్ప ఏదీ సరిగా ఆనదు. అందుకని ఆకాశం జోలికి పోవడం మానేసింది. పెరట్లో తెల్ల దుప్పటి పరిచి, పీట వేసుకుని, మధ్యాహ్నమంతా దాని మీద పడే నీడలు చూస్తూ కూర్చుంటుంది. మోనార్క్ రెక్కలు కాస్త పైకెత్తి, చాచి, గాలి మీద జారుతూ వస్తుంది. దాని నీడ తొణకదు. మిగతా చిలుకల నీడలు తపతపలాడతాయి. కొత్తవాళ్లు చూసి, పాపం ముసలావిడ ఉతికిన దుప్పటికి కాపలా కాస్తోందనుకుంటారు.

ఈ పద్ధతి అడవి సంఘం అధ్యక్షుడు డాన్ ఫిదెన్సియోకి నామోషీగా ఉండేది. ఆయన ఆవిడ మనవరాలికి జ్ఞానతండ్రి. అందుకే ఆవిణ్ణి కొమాద్రె అంటాడు, ఆవిడ ఆయన్ని కంపాద్రె అంటుంది. ఈ ఏడు ఆయన మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని వచ్చాడు.

"కొమాద్రె, దుప్పట్లు చూసి జాతకం చెప్పే రోజులు పోయాయి. ఈసారి మీ మాట తప్పిందంటే ఈ పని నాది."

"దాంతో ముందు నీ చేలో కలుపు చూసుకో కంపాద్రె. అదింకా దగ్గర్లోనే ఉంది."

ఆదివారం బడి ఆవరణలో సంఘం సమావేశం జరుగుతుండగా నా చిలుక వచ్చింది. అసలది ఏడాది పొడుగునా మా ఊళ్లోనే తిరిగే రాణి చిలుక, మోనార్క్‌కి దాయాది. ఒళ్లు ముదురు గోధుమరంగు. మోనార్క్‌కున్నట్టు రెక్కల పైన నల్లగీతలుండవు, అవి నా పుణ్యం. వెనక రెక్కలకి చెరో నల్లమచ్చ కూడా పెట్టాను. తపతపా కొట్టుకుంటూ మరుగుదొడ్డి వెనక నుంచి వచ్చి, సరాసరి ఫిదెన్సియో టోపీ మీద వాలింది. ఆయన టోపీ తీసి, చిలుక మీద గాజుగ్లాసు బోర్లించి, బైనాక్యులర్‌తో జానెడు దూరం నుంచి చూశాడు.

"మోనార్కే. ఎంత పెద్దగా ఉందో చూడండి."

"మా ప్రోకులో మామయ్యే," అంది వెనక నుంచి ఒకావిడ. "బతికున్నప్పుడూ ఇంతే, దొడ్డిదారిన వచ్చేవాడు."

"మీ మామయ్య అంత సన్నగా ఎప్పుడున్నాడే? ఆ నడుం మా పెద్దత్తది."

ఎర్కులానా టోపీతో సహా గ్లాసు అందుకుని ముక్కుకు ఆనించుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత గ్లాసెత్తి చిలుకను వదిలి, నేల మీద దాని నీడ ఎలా పోతోందో చూసింది.

"ఇది కాదు," అంది.

"కొమాద్రె, గీతలు కనిపించడం లేదా?"

"కనిపించాయి. దీని నీడ తడబడుతోంది. అన్ని వేల మైళ్లు ఎగిరొచ్చింది ఇంత హడావుడి పడదు. పైగా వచ్చింది దక్షిణం నుంచి. మనవాళ్లు ఎప్పుడైనా అటునుంచి వచ్చారా?"

అప్పటికే బ్యాండువాళ్లు బాకాలు తుడుచుకుంటున్నారు. ఇళ్లల్లో రొట్టెలు కాల్చేసి ఉన్నాయి. ఇలాంటప్పుడు సంఘం ఏం చేయాలో ఫిదెన్సియోకి తెలుసు. ఓటింగు పెట్టాడు. ఆ చిలుక మోనార్క్ అని నలభై ఒక్క చేతులు లేచాయి. కాదని ఒక్క చెయ్యి. మినిట్స్ పుస్తకంలో రాసి ముద్ర కొట్టారు: "నలభై ఒకటికి ఒకటి తేడాతో మోనార్క్ ఎన్నికైనది." ఆ కిందే ఇంకో వాక్యం: చూపు ఆనని కారణంగా డోన్యా ఎర్కులానాను కొలువు నుంచి తప్పించడమైనది.

తారాజువ్వ పైకి లేచింది. ఎర్కులానా దాని వంక తలెత్తలేదు. పీట చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. "మా అమ్మకేం సమాధానం చెప్పను" అని ఒక్కటే బాధ ఆవిడకి. ఆ పీటా, ఆ పనీ వాళ్లమ్మవి. ఈ వారంలోనే ఆ తల్లి కూడా రావాలి.

మూడు రోజులు రొట్టెలు పెట్టారు, ఎండబెట్టారు, పందులకేశారు. తాడు విప్పారు కదా అని బస్సు నిండా జనం అడవికొచ్చారు. ఖాళీ చెట్ల కింద నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"ఒకటే వచ్చిందండీ," అని వాళ్లకి నచ్చజెప్పాడు ఫిదెన్సియో. "బస్సులో ముందు ఒకడెక్కి రుమాలు వేస్తాడు చూడండి, అలాగ. మిగతావాటికి చోటు పట్టి ఉంచింది."

గురువారం ఎర్కులానా దుప్పటి ఉతికి పెరట్లో ఆరేసింది. నిజంగా ఆరడానికే. పీట బయటికి తేలేదు. పిన్నులు పెడుతుంటే దుప్పటి మీదుగా ఒక నీడ జారిపోయింది. తొణకలేదు. దాని వెనక ఇంకోటి, తర్వాత మూడు. చూస్తూండగానే దుప్పటి మచ్చలమచ్చలైపోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టింది. కొలువు లేనిదాన్ని, నేనెందుకు చెప్పాలి?

ఊరంతా తలెత్తి చూస్తోంది గానీ పళ్లెంలో రొట్టె పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆడవాళ్లు ఫిదెన్సియో ఇంటి మీదికి పోయారు. మా వాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు, వాళ్లని లోపలికి పిలవాలా వద్దా, చెప్పమన్నారు. ఆయన బైనాక్యులర్ తిప్పి తిప్పి చూశాడు. ఆదివారంనాడు కూడా గీతలు ఇలాగే కనిపించాయి. రొప్పుకుంటూ ఎర్కులానా పెరట్లోకి వచ్చిపడ్డాడు.

"కొమాద్రె, ఆ ఒక్క మాట అనండి."

"నాకు చూపు ఆనదు కంపాద్రె. ముద్ర కూడా వేశారుగా."

"ఆ పేజీ ఎలా చింపను? నంబరుంది దానికి."

"చింపొద్దు. కింద రాయి."

సంఘం ఆ పెరట్లోనే కూర్చుంది. గంటసేపు తర్జనభర్జన పడి రాశారు: "ఆదివారం ఎన్నికైన మోనార్క్ స్వంత కారణాల వల్ల రాజీనామా చేసినది. డోన్యా ఎర్కులానా మాటే ఇకపై చెల్లును." నలభై ఒక్క చేతులు మళ్లీ లేచాయి. ఎర్కులానా పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. లోపలికెళ్లి పీట తెచ్చుకుంది. ఫిదెన్సియోని తన పక్కన నేల మీద కూర్చోబెట్టి, దుప్పటి కేసి చూడమంది. ఆయన కళ్లకి నీళ్లొచ్చేదాకా చూశాక, అప్పుడంది మెల్లగా:

"వచ్చింది."

జువ్వ మోత సద్దుమణిగాక నేను వెళ్లి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆదివారం చిలుక మీద గీతలు గీసింది నేనేనని చెప్పేశాను. ఆవిడ దుప్పటి మీంచి చూపు తిప్పలేదు.

"గ్లాసులో చూసినప్పుడే తెలిసింది, ఎవడో వెధవ పనని. లావు గీతలు ఆడదానికుంటాయి, వెనక రెక్క మీద మచ్చ మగదానికుంటుంది. నువ్వు రెండూ ఒకదానికే పెట్టావు. పెళ్లిచూపులకి పోయేటప్పుడు నన్ను తీసుకెళ్లు నాయనా, ఎవర్ని చేసుకొస్తావో ఏమో."