గుండ్ల ఊటకు నీలిరంగు

మొన్న మా మేనల్లుడు ప్లాటు కొనే పని మీద నన్ను పట్నం అంచున ఉన్న మోకిలకు తీసుకుపోయాడు. ఈ వయసులో నన్నెవరైనా ఎక్కడికైనా పిలుస్తున్నారంటే అది బేరం ఆడటానికే. అక్కడి ఏజెంటు కారు మీద పరిచిన రంగుల కాగితంలో, లేఅవుటు నడుమ ముచ్చటగా నీలిరంగు చెరువు ఉంది. తలెత్తి చూస్తే ఆ చోట ఎర్రమట్టి తప్ప చుక్క నీరు లేదు. "వచ్చే ఏడాది వస్తది సార్ చెరువు," అన్నాడతను తొణక్కుండా. నేను బేరం సంగతి మరిచి ఆ రంగునే చూస్తూ ఉండిపోయాను. కాగితం మీద ఇంత నీలం పెట్టడానికి ఒక మనిషి ఎంత దూరం నడుస్తాడో ఒకప్పుడు కళ్ళారా చూసినవాణ్ణి మరి.

అరవై తొమ్మిది సంగతి నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కాలేజీలు మూతపడ్డాయి, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న నేను ప్రత్యేక రాష్ట్రం కావాలని పట్నంలో నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోగొట్టుకుని, చేవెళ్ళలో మా బాపు కిరాణా దుకాణానికి వచ్చిపడ్డాను. సరిగ్గా అప్పుడే, చేవెళ్ళకూ మొయినాబాదుకూ నడుమ ఉన్న గుట్టల అడవికి నక్షా గీయడానికి కోస్తా జిల్లాల సర్వేయరు గారొకరు వచ్చి కనకమామిడి దగ్గర గుడారం వేసుకున్నారు. గుట్టల పేర్లూ వాగుల పేర్లూ ఊళ్ళలో అడిగి రాసుకొచ్చే మనిషి కావాలని ఆయన మా దుకాణంలో అంటే, మా బాపు తరాజు కింద పెట్టకుండానే నా వైపు చూపించి, "వీన్ని తీస్కపోండ్రి సారూ, ఇంట్ల ఉంటే బెల్లం ఆగుతలేదు," అన్నాడు.

ఆ చలికాలపు పొద్దులు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మంచు ఇంకా విడవని గుట్ట మీద మూడు కాళ్ళ బల్ల నిలబెట్టి, దాని మీద తెల్లకాగితం బిగించి, ఇత్తడి పట్టీ లోంచి ఒంటికన్నుతో దూరాన ఉన్న మరో గుట్టను చూసి ఆయన సన్నటి గీత గీసేవారు. సీతాఫలం పొదల మీంచి పొగలా మంచు లేచేది, తూర్పున గండిపేట నీళ్ళు ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేవి, కింద సురంగల్ ఊరి నుంచి ఎవరో ఎడ్లను అదిలించే కేక మెత్తగా పైకి తేలి వచ్చేది. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గోధుమరంగు గీతలు, వలయంలో వలయంగా సాగుతుంటే, చూస్తూ ఉండగానే కాగితం మీద గుట్ట ఉబికినట్టు అనిపించేది. నేను పుట్టి పెరిగిన నేల నాకు తెలియకుండా ఇంత అందంగా ఉందా అని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

అందమంతా ఆయనది, తప్పంతా నాది. దుకాణంలో పెరిగినవాడికి ఎదుటివాడు చెప్పిన మాటను చెప్పినట్టు రాసుకోవడం రాదు. చింతపండు తెచ్చిన రైతు మణుగు అంటే ముప్పాతిక అని వినడం, వాడు నీ ఇష్టం అని చెయ్యి విదిలిస్తే బేరం తెగిందని సంబరపడటం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎవరైనా ఫలానా గుట్ట రెండు కోసులన్నా సరే, నేను నసిగి నసిగి ఒకటిన్నరకు దించి రాసుకునేవాణ్ణి. ఆయన కొలిచి చూసి పడీ పడీ నవ్వారు. "ఏవయ్యా, దారిని కూడా బేరమాడి తగ్గించుకొచ్చావా!"

దూరమంటే కొలిస్తే తేలిపోతుంది. తేలనిది ఒకటుంది: ఎండాకాలం ఏ ఊటలో నీళ్ళుంటాయో చలికాలంలో కొలవలేం కదా, అది ఊరివాళ్ళ మాట మీదే రాయాలి. ఏడాది పొడుగునా నీళ్ళుంటే నీలిరంగు, ఎండిపోయేదైతే నల్లసిరా. ఆ ఏడే జంగ్లాత్ వాళ్ళు, అంటే అటవీశాఖ వాళ్ళు, గుట్టల చుట్టూ కందకం తవ్వి మేకలను ఆపేయబోతున్నారనీ, నక్షాలో నీలిరంగు ఉన్న చోటికి మాత్రం బాట వదులుతారనీ సర్వేయరు గారు ముందే చెప్పారు.

సురంగల్ అవ్వ ఒకామె గుండ్ల ఊట దగ్గర మేకలు మేపుతుండేది. ఆదివారం ప్రార్థనకు పోయొచ్చిన తెల్లచీరతోనే గుట్టెక్కి, పొద్దుగూకేదాకా కీర్తనలు పాడుకునేది. ఆమె బతుకంతా ఆ మేకలే. నీళ్ళు ఎన్ని నెలలుంటాయని అడిగితే పన్నెండు నెలలంది. బాట కోసం ఎక్కువ చెబుతోందని నా దుకాణపు బుద్ధి వెంటనే పసిగట్టింది.

"గట్లెట్ల ఉంటయవ్వా, ఎండకాలం ఎండదా?"

"ఎండితే నా మేకలు ఏం తాగుతయి బిడ్డా, నీ దుకాణంల గ్యాసునూనెనా?"

నేను ఆరు నెలలన్నాను, ఆమె మళ్ళీ పన్నెండంది, నేను ఎనిమిదికి వచ్చాను. చివరికి ఆమె విసిగి, "నీ ఇష్టం, రాతగానివి నువ్వు," అని మేకల వెంట పోయింది. బేరం తెగింది! ఎండాకాలంలో ఎండును అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. ఊట నల్లసిరా పాలైంది.

గొడవల్లో పని సాగి సాగి ఎండలు ముదిరాయి. బస్సులు నడవని ఒక రోజు మొయినాబాదు నుంచి అడ్డదారిన గుట్టల మీదుగా ఇంటికి వస్తూ, నాలుక పిడచగట్టి గుండ్ల ఊట దగ్గర కూలబడ్డాను. బండల నడుమ నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి, చుట్టూ మేకలు మూతులు ముంచి ఉన్నాయి. అవ్వ తన ముంత నా చేతికిచ్చి, నేను గటగటా తాగుతుంటే చూస్తూ, "ఇవి ఎన్నో నెల నీళ్ళు బిడ్డా?" అంది. అంతే. సగం నీళ్ళతోనే ముంత ఆమె చేతిలో పెట్టేశాను.

ఇంటికి పోకుండా కనకమామిడికి పరుగెత్తాను. తెల్లారే వెనక్కి వచ్చెయ్యమని పైనుంచి కబురొచ్చి సర్వేయరు గారు గుడారం విప్పుతున్నారు. కోస్తావాళ్ళు బయట తిరగడానికి భయపడుతున్న రోజులు. నా తప్పు చెప్పుకుని, రంగు మార్చమని చేతులు పట్టుకుంటే ఆయన విప్పుతున్న తాడు వదిలేశారు. "నీ మాట మీద నలుపు పెట్టాను. మళ్ళీ నీ మాట మీదే నీలం పెట్టమంటావా? చూడాలి. పద," అని నక్షా ఉన్న రేకుగొట్టం భుజాన వేసుకుని, సిరాబుడ్డి జేబులో పెట్టుకుని బయలుదేరారు.

దారిలో నా కాలేజీ నేస్తాలే అడ్డుపడ్డారు. నోరు తెరిస్తే ఆయన యాస పట్టించేస్తుందని నేనే ముందుకు ఉరికి, "మా మేనమామరా, గొంతు పోయింది, మాట రాదు," అన్నాను.

ఒకడు ఆయన దొరటోపీని, బూట్లను తాపీగా చూసి నవ్వాడు. "మీ ఖాన్‌దాన్ల గీ టోపీ పెట్టెటోడు ఎప్పుడు పుట్టిండురా? పో, మీ మామను పొద్దుగూకక ముందే జర పైలంగ తీస్కపో."

ఊట దగ్గర ఆయన వట్టినే చూసి ఊరుకోలేదు. నిలవనీరో ఊటనీరో తేలాలంటే తోడి చూడాలన్నారు. ముగ్గురం ముంతలతో తోడి మేకల తొట్టిలో పోశాం. అడుగు బండ బయటపడ్డాక ఒడ్డున కూర్చున్నాం. అవ్వ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. ఎండ పచ్చబడింది, మేకలు నెమరు వేస్తున్నాయి. చాలాసేపటికి బండ పగులులో సన్నటి తడి మెరిసింది, అది చుక్కై, చుక్క జారి, చూస్తూ ఉండగా గుంట అడుగున అరచేతంత ఆకాశం కనిపించింది. సర్వేయరు గారు బండ మీద నక్షా పరిచి, బ్లేడుతో నల్లసిరాను పొరలా గీకి, ఊపిరి బిగబట్టి, ఆ చోట నీలిచుక్క పెట్టారు. అది ఆరేదాకా అవ్వ తన కొంగును ఎండకు అడ్డంగా పట్టుకుని నిలబడింది.

మర్నాడు ఆయన లారీలో వెళ్ళిపోయారు. మళ్ళీ కలవలేదు. వానలు పడ్డాక కందకం వచ్చింది, నీలిచుక్క వైపు మాత్రం బండి పట్టేంత బాట వదిలారు. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆమె మేకలు ఆ బాటనే నడిచాయి.

ఇప్పుడు ఆ గుట్టల కింద వరసగా ఫాంహౌసులు, ఒక్కోదానికి రెండేసి బోర్లు. గుండ్ల ఊటలో నీళ్ళున్నాయో లేవో నాకు తెలియదు. అడిగితే ఉన్నాయనేవాళ్ళూ లేవనేవాళ్ళూ ఇద్దరూ దొరుకుతారు గానీ, ఒకరి మాట నమ్మి ఊరుకునే బుద్ధి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ రాలేదు. పోయి చూసి రావాలి. ఏటా ఎండాకాలం రాగానే ఈ ఏడు తప్పకుండా పోవాలనుకుంటాను, మోకాళ్ళ నొప్పులు తగ్గనీ అని ఇంట్లోవాళ్ళతో అంటాను. తొలకరి పడి నేలంతా తడిశాక, ఇక చూసినా ఏమీ తెలియదు గనక, నా మనసు కుదుటపడుతుంది.