బాబాయి అంటించిన చీటీలు

మా బాబాయి పార్సిల్ ఆఫీసులో గుడ్డిబల్ల దగ్గర కూర్చునేవాడు. ఎవరికీ చదవరాని చిరునామాలన్నీ దాని మీదికే చేరేవి కాబట్టి ఆ బల్లకా పేరు. పక్కగదిలో సంచులకు లక్క వేసే పని నాది. ఇప్పటికీ ఎక్కడ జిగురు వాసన వచ్చినా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో బాబాయి నా కళ్ళముందు నిలుస్తాడు.

కొందరి రాతలో అక్షరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, వత్తులు కింది వరస నెత్తినెక్కి కూర్చునేవి.

"రద్దీ బస్సులో జనంలా ఉన్నాయే, ఏ చెయ్యి ఎవరిదో!" అని బాబాయి నవ్వుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఆ రాతనే గాలిలో వేలితో మళ్ళీ రాసేవాడు. చెయ్యి ఎటు తిరిగిందో అందితే మాట అందేది. వెంటనే చిన్న చీటీ మీద గుండ్రంగా చిరునామా రాసి పాతదాని మీద అంటించేవాడు. పార్సిళ్ళు పంచేవాడు ఎండలో నిలబడి కళ్ళు చికిలించుకోకూడదని ఆయన తాపత్రయం.

అందరికన్నా ఎక్కువ చీటీలు మా వీధి కుట్టుమామ్మకే. దూరాన హాస్టల్లో చదివే మనవరాలికి బట్టలు కుట్టి పంపేది.

"నా చెయ్యి నా మాట వినదు నాయనా."

"నా మాట వింటుందిలే మామ్మా, ఇటివ్వు."

బాబాయి రిటైరయ్యే రోజు దగ్గరపడుతుండగా చేతిరాత చదివే కంప్యూటర్ వచ్చింది. ఆయన వెళ్ళాక గుడ్డిబల్ల ఉండదు. యంత్రానికి అర్థంకానివి తిరుగుసంచిలో పడి, పంపినవాళ్ళకే వెళ్ళిపోతాయి. మామ్మ బట్టలు ఏమవుతాయోనని బాబాయికి బెంగ. అందుకే యంత్రానికి చదువు చెప్పే ఇంజినీరమ్మాయి పక్కనే కుర్చీ వేసుకునేవాడు. ప్రతి పార్సిల్ ఫొటోకీ సరైన చిరునామా జతచేసి దానికి చూపించేవాళ్ళు.

పరీక్ష పెట్టిన రోజున, చూపించినవన్నీ యంత్రం గడగడా చదివేసింది. అందరం చప్పట్లు కొట్టాం. అంతలో, కౌంటర్లో అప్పుడే తీసుకున్న మామ్మ పార్సిల్‌ని ఎవరో నేరుగా యంత్రం ముందు పెట్టారు. అది తిరుగుసంచిలోకి తోసేసింది.

"ఇదేంటి తల్లీ? మామ్మవి ఇన్నాళ్ళూ చూపించాంగా?"

ఆ అమ్మాయి పాత ఫొటోలు తెరిచింది. ఏది చూసినా మామ్మ రాత మీద బాబాయి చీటీయే.

"ఇది మామ్మ రాత ఎప్పుడూ చూళ్ళేదు బాబాయిగారూ. మీ రాతే చూసింది."

ఆయన ముఖం చిన్నబోయింది. "మేలు చేస్తున్నాననుకుని ఆవిడ్నే ముంచానే!"

"ఊరుకోండి, మీరింకా వెళ్ళిపోలేదుగా," అంటూ ఆ పిల్ల ఆయన చేతికి టీ గ్లాసు అందించింది.

ఆ రోజు నుంచీ ముందు ఫొటో, తర్వాతే చీటీ. అదీ పార్సిల్ వెనకవైపు. ఏ అక్షరం ఎక్కడ ఆగిందో తెర మీద బాబాయి వేలితో గీత గీసి చూపేవాడు. మొదట్లో ఆ యంత్రం సిరా ఎక్కడ సన్నబడితే అక్కడల్లా కోసేసి, ఒక్క అక్షరాన్ని రెండు చేసేది.

"కూరగాయలు తరిగినట్టు తరక్కే!" అని దాన్ని కసిరేవాడు.

నాలుగైదు రకాలుగా విడదీసి చూసి, నిజంగా ఉన్న ఊరి పేరు ఎలా విడదీస్తే వస్తుందో అదే తీసుకోమని అమ్మాయి దానికి నేర్పింది. సంగతి తెలిసి మామ్మ తానే వచ్చి, గుడ్డిబల్ల దగ్గర చిత్తుకాగితాల నిండా ఊళ్ళ పేర్లు రాసింది.

"నా పిచ్చిరాతకి ఇంత గిరాకీనా!"

బాబాయి తన తువ్వాలు మడిచి ఆవిడ మోచేతి కింద పెట్టాడు.

ఆయన రిటైరయ్యాక ఒక ఉదయం మామ్మ పార్సిల్, పెన్ను పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఎందుకొచ్చిన గొడవ, నువ్వే రాసిపెట్టు నాయనా."

బాబాయి చెయ్యి పెన్ను దాకా వెళ్ళి ఆగింది. "నువ్వే రాయి మామ్మా, నేనెన్నాళ్ళుంటాను?"

ఆవిడ వణుకుతూ రాస్తుంటే పార్సిల్ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

తర్వాత ఆయనకు అన్నం సయించలేదు. వీధిలో పార్సిళ్ళవాడి సైకిల్ గంట మోగితే చాలు, వెనక్కి తెచ్చాడేమోనని గుమ్మంలోకి పరుగెత్తేవాడు.

చివరికి మామ్మే రుసరుసలాడుతూ వచ్చింది. "చూశావా నాయనా! మనవరాలు ఫోన్ చేసి పోట్లాడుతోంది. మొన్న పంపిన రవికె చేతులు బిగుతయ్యాయట!"

బాబాయి కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"దణ్ణాలెందుకయ్యా, బిగుతయ్యాయంటుంటే!"

"అవనీ మామ్మా," అన్నాడు, పంచె అంచుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి ఇంకాస్త వదులుగా కుట్టి పంపుదువులే."