నిప్పు పెట్టే ముందు మూడుసార్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు కూడా ఇటుకను ఒక చేత్తో ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, అది పచ్చిగా ఉందో బాగా కాలిందో చెప్పడం వచ్చు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టకు దిగువన మాకు ఇటుక బట్టీ ఉండేది. అవి నిజాం రోజులు. మా ముత్తాత ఎక్కడి నుంచో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, చెరువు ఎండిన ఏడాది అడుగున బయటపడ్డ మట్టిని పిడికిట పట్టి చూసి, ఇక ముందుకు పోలేదట. ఆయన చేయించిన టేకు అచ్చుతోనే మా తాతయ్య కూడా ఇటుకలు కోసేవాడు. అంచులు అరిగితే ఇనుప పట్టీ కొట్టించాడు తప్ప అచ్చు మార్చలేదు. అచ్చు తీయగానే పచ్చి ఇటుక నడుమ బొటనవేలితో ఒక నొక్కు నొక్కడం మా ఇంటి గుర్తు. పట్నంలో పాత గోడలు పడగొట్టేటప్పుడు ఆ నొక్కు ఉన్న ఇటుకలను ఏరి పక్కన పెట్టుకుంటారని బండ్లవాళ్లు చెబితే, మా తాతయ్య విననట్టు మొహం పెట్టి, అదే మాట ఇంకోసారి చెప్పించుకునేవాడు.

ముత్తాత నుంచి అచ్చుతో పాటు ఒక ఆనవాయితీ కూడా వచ్చింది. ఎండిన ఇటుకలు పేర్చి, పైన మట్టి మెత్తి, నిప్పు పెట్టే ముందు మట్టి తవ్వినవాళ్ల నుంచి నీళ్లు మోసినవాళ్ల దాకా అందరూ బట్టీ ముందు నిలబడాలి. అప్పుడు మా తాతయ్య కాగడా పట్టుకుని, "ఎవరి చేతిలనన్న తప్పు వోయిందా? ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి. నిప్పు వెట్టినంక నేనడగ" అని మూడుసార్లు అడిగేవాడు. చెప్పినవాళ్లను ఒక్క మాట కూడా అనకూడదు. పచ్చి ఇటుకలో తప్పుంటే నీళ్లు పోసి మళ్లీ మట్టి చేసుకోవచ్చు. కాలిన ఇటుకను ఏం చేసినా మట్టి కాదు. అందుకే ఆ అడగడం. చిన్నపిల్లను కాబట్టి నాకది పెద్దవాళ్ల వేడుకలా ఉండేది. నన్ను కూడా అడుగుతున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

నా పని మట్టి ఏరడం. మా చెరువు మట్టిలో సెనగగింజంత తెల్లటి సున్నపు పలుకులు ఉంటాయి. మట్టిని ఎండబోసి, గడ్డలు చితక్కొట్టి, ఆ పలుకులు ఏరి పారేశాకే నీళ్లు పోసి తొక్కాలి. ఏరకపోతే అవి ఇటుకతో పాటు కాలి, బయటికి ఏమీ కనబడకుండా లోపల కూర్చుంటాయి. తర్వాత ఎప్పుడో తడి తగలగానే పొంగి ఇటుకను పగలగొడతాయి. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు గుర్తుండేది కాదు.

ఆ ఏడు బట్టీలో సగం ఇటుకలు మా ఊరి మంత్రసాని అవ్వ కోసం. అంతకు ముందు వానకాలం ఆమె మట్టిగోడ కూలిపోతే, చుట్టూ తాటాకులు కట్టుకుని కాలం వెళ్లదీస్తోంది. మా ఇంట్లో నాతో సహా పిల్లలందరినీ బయటికి తీసింది ఆ చేతులే. వానలు మొదలయ్యే మిరుగు కార్తెలోపు గోడ లేపిస్తానని మా తాతయ్య మాటిచ్చాడు. ఆమె రోజూ వచ్చి ఎండుతున్న ఇటుకల వరుసల పక్కన కాసేపు కూర్చుని, వేలితో ముట్టి చూసి పోయేది. కూలిన గోడ దగ్గర తన ఇంటిచోటు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు కూడా వేసుకుందని మా అమ్మ నవ్వుతూ చెప్పేది.

ఒకనాడు నేను మట్టికుప్ప ముందు కూర్చున్నానో లేదో, కట్ట మీద బస్సు ఆగిపోయిందని కేక వినిపించింది. యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనకాల డ్రమ్ములాంటి పొయ్యి, అందులో బొగ్గు. డ్రైవరు మొహమంతా మసి చేసుకుని దాన్ని పొడుస్తుంటే చూడటానికి ఊరంతా పోయింది. నేనూ పోయాను. తిరిగొచ్చేసరికి తొక్కేవాళ్లు నీళ్లు కూడా పట్టి సిద్ధంగా ఉన్నారు. ఏరావా అని అడిగితే, "అవ్, అయింది" అన్నాను. ఏరింది దోసెడు కూడా లేదు. నా కుప్పను మిగతా మట్టిలో కలిపి తొక్కేశారు. ఒక్క కుప్పేలే అనుకున్నాను. ఆ రోజు కోసిన ఇటుకలన్నిటిలోకీ అది చేరిందన్న సంగతి రాత్రి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది.

నిప్పు పెట్టే రోజు ఆకాశం మబ్బు పట్టింది. అందరం నిలబడ్డాం. మా తాతయ్య మబ్బుల వైపు చూస్తూ ఒకసారి అడిగాడు. నా చేతులు వెనక్కి పోయాయి. రెండోసారి అడిగాడు. బస్సు ఆగిన రోజు కోసిన వరుసలు బట్టీలో ఎక్కడ పేర్చారో అందరికీ తెలుసు, విప్పి తీయడానికి ఒక పూట పడుతుందంతే. నోరు తెరవబోయాను. ఆయన మూడోసారి కూడా అడిగేసి, కాగడా వంచి, పొయ్యిలోకి తోసేశాడు. పొగ వచ్చింది. అబ్బ, తప్పించుకున్నానని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా, ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బట్టీ చల్లారి విప్పితే ఇటుకలు ఎర్రగా, ఖంగుమంటూ బయటపడ్డాయి. మంత్రసాని అవ్వ రెండు ఇటుకలు చంకలో పెట్టుకుని ముద్దు చేసింది. బండికెత్తే ముందు పది ఇటుకలు నీళ్లతొట్టిలో నానబెట్టి చూడటం మా తాతయ్య అలవాటు. రెండో రోజు పొద్దున తొట్టిలో మూడు ఇటుకలు నడిమికి విచ్చుకుని, పగులు మధ్య తెల్లగా పిండి కనబడుతోంది. ఆయన వాటిని నేల మీద పెట్టి చాలాసేపు చూశాడు. విప్పేటప్పుడు అన్ని రోజుల ఇటుకలూ కలిసిపోయాయి, ఏవి మంచివో ఏవి కావో పైకి తెలియదు. గోడలో పెడితే మొదటి జడివానకే ఆ అవ్వ మీద పడతాయి. ఒక్క ఇటుక కూడా ఇవ్వనన్నాడు. వానలు మొదలయ్యాయి, అవ్వను మా ఇంటి వసారాలోకి తీసుకొచ్చారు.

తొక్కే ముందు మట్టిని ఆఖరిసారి చూసేది మా తాతయ్యే. అందుకని ఆయన ఎవరినీ అడగలేదు, తప్పు తనదే అనుకున్నాడు. "నా కన్ను వోయింది. ఇగ అచ్చు ముట్ట" అని మా అమ్మతో అన్నాడు. ముత్తాత నాటి అచ్చును కడిగి, ఆరబెట్టి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆయన అచ్చు పక్కన పెడితే మా బట్టీ అక్కడితో ఆగిపోయినట్టే. నేను గుంజకు ఆనుకుని అదంతా చూశాను. నన్ను కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మూడో రోజు బయట వాన పడుతుంటే మంత్రసాని అవ్వ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తోంది. నేను పుట్టినప్పుడు ఏడవలేదని, వీపు మీద రెండు దెబ్బలు వేస్తే గాని గొంతు తెరవలేదని నవ్వుతోంది. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. బస్సు సంగతి, కుప్ప సంగతి, అంతా చెప్పేశాను. ఆమె నూనె గిన్నె పక్కన పెట్టి, జడ అల్లి ముడి వేసింది.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నా గోడ మళ్లేడన్న లేస్తది. పోయి మీ తాతకు చెప్పు. మూడు దినాల సంది ముసలాయన బుక్క మింగుతలేడు."

మా తాతయ్య పశువుల కొట్టం దగ్గర కూర్చుని వానను చూస్తున్నాడు. నేను నిలబడి చెప్పాను. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోలేదు. ఆయన మొహం చూసే ధైర్యం లేక నేల చూస్తూ చెప్పాను.

"అంటె నా కన్ను మంచిగనే ఉన్నదన్నట్టు" అన్నాడు. తలెత్తి చూస్తే ఆయన కళ్లలో నీళ్లున్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వు. వెంటనే ఆ నవ్వు పోయింది. "కాదు బిడ్డా, నీ కుప్పల పలుకులు నాకు గూడ కనబడాలె. నిప్పు వెట్టేనాడు గూడ మబ్బు జూసి ఉరికిన. మా బాపు మూడోపారి అడిగి, ఒక చుట్ట కాల్చేటంత సేపు నిలబడెటోడు. నేను అడిగిన గని ఆగలె. అడిగి ఆగకపోతె అడిగినట్టు గాదు."

తిడతాడని ఎదురుచూస్తున్న నాకు ఆ మాట దెబ్బ కంటే గట్టిగా తగిలింది. తప్పులో సగం తాను తీసుకున్నాడు. కానీ నా సగం మాఫీ చేశాడనుకోకండి. వాన తెరిపి ఇచ్చిన ప్రతి పొద్దూ మేమిద్దరం కూర్చుని ఆ ఇటుకలు సుత్తితో పగలగొట్టి, బట్టీ నుంచి కట్ట దాకా బురదబాటలో పరిచాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం అవ్వ వాటికి నూనె రాసేది. వానలు వెనకబట్టాక అచ్చు అటక దిగింది, చలికాలంలో మళ్లీ మట్టి ఏరాను, ఆమె గోడ లేచింది. ఆ గోడ ఆమె బతికినన్నాళ్లూ నిలబడింది.

తర్వాత నన్ను ఇల్లరికం వచ్చినవాడికిచ్చి పెళ్లి చేశారు కాబట్టి బట్టీ నా చేతికే వచ్చింది. ఇప్పుడక్కడ బట్టీ లేదు, ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. అచ్చు మాత్రం నా మంచం కింద ఉంది. బట్టీ నడిపినన్నాళ్లు నేను చుట్ట కాల్చలేను కాబట్టి, మూడోసారి అడిగాక ఒక తమలపాకు మడిచి నోట్లో పెట్టుకునేదాన్ని. మొదటిసారికి, రెండోసారికి ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. ఎప్పుడు చెప్పినా ఆకు నములుతున్నప్పుడే చెప్పేవాళ్లు. ఇప్పటికీ ఇంట్లో పిల్లలు ఏదైనా పాడు చేస్తే, ఎవరు చేశారని అడిగి నేను ఆకు మడుచుకుని గడప మీద కూర్చుంటాను. ఈ ముసలిదానికి వేరే పని లేదని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ పిల్ల ఒకతి వాళ్లలో ఉందేమో, నోట్లో ఆకు అరిగేదాకా నేను లేవను.