అయ్యగారు చెప్పిన దీవి

దీవి మీద కాపురం చేశానని తెలిస్తే చాలు, ఇప్పటి పిల్లలు నా చుట్టూ చేరతారు. "ఎంత అదృష్టం అవ్వా నీది" అంటారు. వాళ్ళు చూసింది బొమ్మల్లో. ఒక పక్క సముద్రం, ఒక పక్క పులికాటు సరస్సు, మధ్యలో సరుగుడు తోపులు, నీళ్ళలో ఎర్రకాళ్ళ కొంగలు. బొమ్మలో దోమ కనపడదు. అలాగని ఆ బొమ్మ అబద్ధం అనడానికీ నాకు నోరు రాదు. నేను అక్షరాలు నేర్చుకున్నది నా పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాక. అందంగా రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చుంటే, అక్కడ ఉన్నదేమిటో నాకే తేలడం లేదు.

ముందు ఆ సంబంధం ఎలా వచ్చిందో చెప్పాలి.

మాది దొరవారిసత్రం వైపు ఒక మాగాణి పల్లె. యాభైల చివర సంగతి ఇది. మా నాయనకు కొద్దిగా సొంత పొలం ఉండేది. మిగిలిన రోజుల్లో బావులు తవ్వేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఊట తగ్గినా ఆయన్నే పిలిచేవారు. బావి ఎండితే ఇంకో మట్టు దించడం, మళ్ళీ ఎండితే ఇంకో మట్టు దించడం, అదీ ఆయన విద్య.

మా చర్చి అయ్యగారు ఒకసారి దీవికి పోయి, అక్కడున్న కొద్దిమంది విశ్వాసుల ఇళ్ళలో ప్రార్థన పెట్టి వచ్చాడు. వచ్చిన ఆదివారం ప్రసంగమంతా అదే. "ఏదెను తోట ఎక్కడుందని అడుగుతారు మీరు. నేను చూసి వచ్చినాను. పడవలో ఒక పూట ప్రయాణం" అన్నాడు. ఇసకలో గుంట తీస్తే పాలలాంటి నీళ్ళట. చేపలు తామే వచ్చి వలలో పడతాయట. పోలీసు లేడు, కోర్టు లేదు. నెల్లూరు నుంచి పెద్ద పెద్దవాళ్ళు సెలవులకు పోయి, రాలేక రాలేక వస్తారట. మేమంతా నోళ్ళు తెరుచుకొని విన్నాం.

ఆరాధన అయ్యాక అయ్యగారు మా నాయనను పక్కకు పిలిచాడు. దీవిలో ఒక విధవరాలికి పెళ్ళీడు కొడుకున్నాడు, చేపల పని, సరుగుడు కొట్టే పని చేస్తాడు, తాగడు, మీ అమ్మాయికి సరిపోతాడు అన్నాడు.

మా నాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయ్యగారూ, ఆదామును ఆ తోటలోంచి తరిమేసినారు గదా?"

"నీ అల్లుడు పండు జోలికి పోడులే" అని అయ్యగారు నవ్వాడు.

ఈస్టరు అయ్యాక మా సంఘం వాళ్ళు, నెల్లూరు వాళ్ళు కలిసి దీవికి పిక్నిక్ పోవాలని ముందే అనుకున్నారు. మా నాయన నన్నూ తీసుకుపోతానన్నాడు. మా అమ్మ గొంతు పెంచింది. "ఆడపిల్ల పోయి మగపిల్లోడి ఇల్లు చూసేదేంది? నలుగురూ నవ్విపోరా?"

"నవ్వేవోళ్ళు పోయి ఆడ కాపురం చేస్తారా?" అన్నాడు నాయన. అమ్మకు పడవంటే భయం కాబట్టి ఆమె రాలేదు. నా పెళ్ళిచూపులకు నేనే బయలుదేరాను.

ఆ సరస్సు లోతు లేనిది. పడవ మనిషి గెడ వేసి తోస్తుంటే పడవ బురద మీద రాసుకుంటూ పోయింది. దూరానికి దీవి నీళ్ళ మీద గీసిన నల్లని గీతలా ఉంది. దగ్గరికి పోయేకొద్దీ పచ్చబడింది. పడవలో నెల్లూరు టీచరమ్మ ఒకామె ఉంది, కళ్ళజోడు పెట్టుకొని. దిగీ దిగగానే ఇసకలో కూలబడి, "అబ్బ, ఇక్కడే చచ్చిపోయినా ఫర్వాలేదు" అంది.

పడవ మనిషి తాడు కట్టుకుంటూ, "చచ్చిపోయేదానికైతే మంచి చోటేలేమ్మా. జొరమొస్తే అవతలికి దాటించే లోపల అదే అవతాది" అన్నాడు. టీచరమ్మ అతను హాస్యం ఆడాడనుకొని నవ్వింది. నేను అతని మొహం చూశాను. హాస్యం ఆడాడో లేదో నాకు తెలియలేదు.

నేను సముద్రం చూడడం అదే మొదలు. చాలా బాగుంది. చాలా భయంగానూ ఉంది. చెప్పుల్లేని కాళ్ళు ఇసకలో కాలిపోతుంటే బాగుందనుకోవడం ఎలాగో కూడా అర్థం కాలేదు. సరుగుడు చెట్ల కింద ఎవరో పక్కనే పడుకొని ఊపిరి తీస్తున్నట్టు ఒకటే హోరు. అది గాలో సముద్రమో ఎవరినైనా అడుగుదామంటే సిగ్గేసింది.

పెళ్ళికొడుకు ఇల్లు తాటాకు గుడిసె, తోపు అంచున. అతను వేకువనే వలకు పోయాడట, ఇంకా రాలేదు. వాళ్ళమ్మ ఎండిన సరుగుడు పుల్లలా సన్నగా ఉంది. నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసి, "పిల్ల నలుపని అయ్యగారు చెప్పినాడే. నాకంటే తెలుపే గదా" అంది. అంతటితో నా చూపులు అయిపోయాయి. పక్కన కూర్చోబెట్టుకొని చేపలు శుభ్రం చేయమని కత్తి ఇచ్చింది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, ఇక్కడ బాగుంటదా?"

ఆమె చేప పొలుసు గీకుతూ ఆలోచించింది. "ఏమో మే. నేను వేరే యాడా ఉండలా." మళ్ళీ కాసేపటికి, "మీ ఊళ్ళో బాగుంటదా?" అంది.

నేను పుట్టి పెరిగిన ఊరు. బాగుంటుందో లేదో ఎన్నడూ అనుకోలేదు. ఇంకో చేప తీసుకున్నాను.

తర్వాత ఆమే చెప్పుకొచ్చింది. వానల్లో దోమలు నోట్లో పడతాయట. గాలివాన పట్టుకుంటే పడవ రాదు, బియ్యం రావు. మొగుడికి జ్వరం వస్తే పడవలో వేసుకొని బయలుదేరారు, అది బురదలో కూరుకుపోయింది, ఆయన ప్రాణం పోయింది నడి నీళ్ళలోనే. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. అంతా చెప్పి, "సాయంకాలం పూట గాలి మాత్రం బాగుంటది" అంది. ఈమె రమ్మంటున్నదా, వద్దంటున్నదా?

ఇంటి వెనక ఇసకలో మోకాటి లోతు గుంట ఉంది. చెలమ అంటారు. అడుగున నీళ్ళు సన్నగా ఊరుతాయి. ఆమె గుంట పక్కన కూర్చొని కొబ్బరి చిప్పతో పైపైన తీసి కడవలో పోసేది. చిప్పెడు తీసి ఆగేది. మళ్ళీ ఊరేదాకా చూసి మళ్ళీ చిప్పెడు. నాకు తాగడానికి ఇస్తే తాగాను. అయ్యగారు చెప్పినట్టే ఉన్నాయి, తియ్యగా చల్లగా. కానీ వచ్చినవాళ్ళమంతా ఎండలో నాలుకలు చాపుకొని ఉన్నాం. పొయ్యి మీద అన్నానికి ఎసరు కావాలి. ఆ చిప్పతో ఎప్పటికి నిండుతుంది?

కొడుకు పడవ కనపడిందని ఆమె ఒడ్డుకు పోయింది. మా నాయన అక్కడే నిలబడి ఆ గుంట వంకే చూస్తున్నాడు. ఒక ఆడమనిషి చిప్ప పట్టుకొని ఊట కోసం కాచుకొని కూర్చోవడం ఆయన చూడలేకపోయాడు.

"పాపం, చెప్పేవోళ్ళు లేక. ఇంకో రెండు మూరలు దించితే ఊట తన్నకోని వస్తాది" అని పంచె ఎగ్గట్టి, గోడకానించిన పార తీసుకున్నాడు.

ఇసక గదా, ఎంతసేపు. నడుము లోతు దిగాడు. నీళ్ళు నిజంగానే తన్నుకొని వచ్చాయి. అందరూ చెంబులు పట్టుకొని పరిగెత్తారు, నీళ్ళలో ఇసక తేలుతోందని తాగకుండా ముందు ఎసరుకూ టీకీ పోశారు. అయ్యగారు చేతులెత్తి, "ఇస్సాకు బావులు తవ్వినట్టు తవ్వినాడయ్యా మనవాడు" అన్నాడు. మా నాయన చెమట తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అల్లుడింటికి కానుక ఇచ్చినవాడి చూపు.

టీ మొదట అయ్యగారికే ఇచ్చారు. ఒక గుక్క నోట్లో పోసుకొని అలాగే ఉండిపోయాడు. మింగలేడు, అందరి ముందు ఊయలేడు. బుగ్గలు ఉబ్బాయి. చివరికి చెట్టు చాటుకు పోయి వచ్చాడు. అన్నం కుండలో టీచరమ్మ వేలు ముంచి నాకి, "ఎవరు ఉప్పేసింది? ఇంత ఉప్పేస్తారా?" అని వంట చేసేవాళ్ళ మీద అరిచింది. ఎవరూ వేయలేదు.

అప్పటికి ఆమె, కొడుకు చేపల గంపతో వచ్చారు. ఆమె గుంటలోకి వంగి చూసింది.

"ఎవురు తవ్వింది?"

"నేనేనమ్మా. కొంచెం లోతు చేస్తే..." అన్నాడు మా నాయన.

"ఎంత లోతు పోయినావన్నా?"

ఆయన తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె ఇసకలో కూర్చుండిపోయింది.

కొడుకు గంప దించి, గొంతు పెంచకుండా చెప్పాడు. "మామా, ఈడ తీపి నీళ్ళు పైపైనే ఉంటాయి. పాల మీద మీగడ మాదిరి. వానకు పడినవే అవి. దాని కింద అంతా సముద్రమే."

"లోతుకు పోతే మంచి నీళ్ళు రావాల గదా?" అన్నాడు మా నాయన, చిన్నపిల్లవాడిలా.

"ఈడ రావు మామా."

ఆమె లేచి రెండు చేతులతో ఇసక గుంటలోకి తోయడం మొదలుపెట్టింది. మా నాయన పార తీసుకోబోతే, "వద్దులే అన్నా. నీ సాయం ఇంక చాల్లే" అంది. నవ్వింది కూడా. అది నవ్వో కాదో అనుకుంటూనే నేనూ మోకాళ్ళ మీద కూర్చొని ఇసక తోశాను. గట్టి వానలు పడేదాకా ఆ చోట తీపి నీళ్ళు రావట. అందాకా తోపు అవతల, ఇంకొకరి చెలమకు పోవాలి. ఆ మాట కూడా ఆమె చెప్పలేదు, కొడుకు చెప్పాడు. పెళ్ళికొడుకును నేను సరిగ్గా చూసింది అప్పుడే. చెవులు పెద్దవి.

నెల్లూరు వాళ్ళు మాత్రం ఆ ఉప్పన్నం పారబోసి, కాల్చిన చేపలు తిని, పాటలు పాడుకొని, అలల్లో తడిసి, ఇంత మంచి చోటు ఎక్కడా లేదని చెప్పుకుంటూ పడవెక్కారు. వాళ్ళు అన్నది తప్పా? వాళ్ళకు అలాగే ఉంది.

తిరుగుదారిలో నీళ్ళు తగ్గి పడవ బురదలో దిగబడింది. మగవాళ్ళంతా దిగి తోస్తున్నారు. మా నాయన పడవ అంచు పట్టుకొని తోస్తూనే, "అయ్యగారూ, ఈ సంబంధం వద్దు" అన్నాడు.

"ఆ తల్లి ఒక్క మాటన్నా అన్లేదు గదయ్యా. అంతకంటే మంచి ఇల్లు యాడ దొరకతాది?"

"ఇల్లు మంచిదే. నేలే నాకు తెలియదు. లోతుకు పోతే చెడిపోయే నేలను నేను ఎరగను. ఎరగని చోట బిడ్డను ఎట్లిచ్చేది?"

అయ్యగారు ఏదెను మాట ఎత్తలేదు. ఆయన నాలుక మీద ఇంకా ఉప్పు ఉండే ఉంటుంది. ఇంకొంత దూరం తోశారు. అప్పుడు మా నాయన తల ఎత్తి, "నువ్వేమంటావు మే?" అన్నాడు.

నా జీవితంలో నన్ను ఒకరు అలా అడగడం అదే మొదలు. అలవాటు లేని ప్రశ్న. ఆ తల్లి చెప్పిన జ్వరం, బురదలో ఆగిన పడవ, సముద్రం, కాలిన అరికాళ్ళు, ఇసక తోసిన ఆమె చేతులు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. "పోతా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె తిట్టి ఉంటే వద్దనేదాన్నేమో. ఇక్కడ బాగుంటుందని చెప్పి ఉన్నా వద్దనేదాన్నేమో. తర్వాత అరవైలలో చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాను. ఆ దీవిని తిట్టని వానాకాలం లేదు. కాన్పుకు పుట్టింటికి పోతే మాత్రం ఆ హోరు వినపడక నిద్ర పట్టేది కాదు. గాలిదో సముద్రానిదో అప్పటికీ విడదీయలేకపోయాను.

పెళ్ళి ఆ ఏడు వానలు వెనకబట్టాక మా ఊరి చర్చిలో జరిగింది. విందు దీవిలో. మా నాయన మా బావి నీళ్ళు రెండు పెద్ద కుండల నిండా పట్టి, మూతులకు గుడ్డలు కట్టి, దారి పొడుగునా ఒళ్ళో బిడ్డల్లా పట్టుకొని పడవలో తెచ్చాడు. విందులో ఎవరికీ నీళ్ళకు ఇబ్బంది కాకూడదని. మా అత్త ఆ నీళ్ళే అందరికీ పోసింది.

దీవి వాళ్ళు ఒక గుక్క తాగి మొహాలు చూసుకున్నారు. "ఏందక్కా, నీళ్ళు ఇట్లుండాయి?" అని ఒకామె. "చప్పగా ఉండాయి, ఉడకబెట్టినారా?" అని ఇంకొకామె. మా నాయన విన్నాడు. వానల తర్వాత తీసిన కొత్త చెలమ దగ్గరికి పోయి, చిప్పతో పైపైన తీసుకొని తాగాడు. వచ్చి తన కుండలో నీళ్ళు తాగాడు. మళ్ళీ పోయి అవి తాగాడు. నా దగ్గరికి వచ్చి, "ఏవి బాగుండాయి మే?" అని అడిగాడు.

నాకు ఆకలి, మెడలో దండ బరువు, కొత్త చీర ఉక్క. "నువ్వు పడవెక్కు నాయనా, పొద్దుపోతా ఉంది" అన్నాను.

ఆయన ఒక కుండ ఖాళీ చేసి, చెలమ పక్కన కూర్చొని చిప్పెడు తీసి ఆగుతూ, చిప్పెడు తీసి ఆగుతూ నింపుకున్నాడు. అమ్మకు రుచి చూపించాలని గుడ్డ కట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకొని పడవలో పోయాడు.