తల తిరిగితే ఇంకో మాత్ర

సోలార్ ప్లాంటు వాచ్‌మన్ ఈల ఊదగానే మామ దిగ్గున లేచారు. భుజాల మీద మా చిన్నది ఉంది. ఆయన మేపుతున్న గొర్రెలు ప్లాంటు కంచెలోకి దూరుతున్నాయి, వాటిని తోలాలి. లేచిన మనిషి అడుగు వేయలేదు. చేయి మాత్రం గాలిలో కంచె స్తంభం కోసం వెతికింది. చిన్నది ఆటనుకుని ఆయన జుట్టు పట్టుకుని నవ్వుతోంది. అన్నం క్యారియర్ అక్కడే వదిలేసి పరిగెత్తి పిల్లను అందుకున్నాను.

"ఏమీ లేదు మ్మా. కండ్లకు చీకట్లు కమ్మినాయి. బీపీ ఎక్కినట్టుండాది," అన్నారు మామ.

ఇంటికి రాగానే, పొద్దున వేసుకున్న బీపీ మాత్రే ఇంకొకటి తీశారు. తల తిరిగితే బీపీ ఎక్కిందనుకోవడం మా ఊరు తిరుమణిలో మామూలే. మాత్ర చేతిలోంచి లాక్కున్నాను.

"ఎక్కలేదు మామా, పడిపోయినట్టుండాది. ఇది కూడా వేసుకుంటే ఇంకా పడిపోతాది."

"నువ్వు డాక్టరువా?"

కాదు. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను, అంతే. మనం లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే, మన ప్రమేయం లేకుండానే పనిచేసే సహానుభూత నాడులు రక్తనాళాలను బిగించాలి. ఆ నాడుల చివర్లలోకి కాల్షియం చేరితేనే బిగించమనే కబురు బయటికి వెళుతుంది. వయసు మళ్లేకొద్దీ ఆ కణాలు కాల్షియాన్ని దాచుకోవడం, వదలడం, మళ్లీ సర్దుకోవడం మునుపటిలా సాగవు. మామకు తల తిరగడానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. అలాంటి ఒంటికి రెండో మాత్ర పడితే ఏమవుతుందోనన్నదే నా భయం.

అదే చెప్పబోయాను. అత్త చాట పక్కన పెట్టి, "కాల్షియం తక్కువంటనా? దినమూ రాగిముద్ద తినే మనిషికి యాడ తక్కువయితాది ప్పా?" అన్నారు.

"తక్కువ కాదత్తా. ఉండేదాన్ని నరాలు వాడుకొనే తీరు మారినాది."

"ఇన్నేండ్లకు నా మొగునికి నరాలుండాయని తెలిసె."

మామ కూడా నవ్వారు. ఆస్పత్రికి మాత్రం రానన్నారు.

"సరే మామా. చూపించుకొనేదాకా పిల్లోళ్లను నీ దగ్గరికి పంపను."

ఆయన ముఖం మాడిపోయింది. కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకుని, "ఆటో యాడుండాదో చూడు," అన్నారు.

పావగడలో డాక్టరుగారిని పట్టుబట్టి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమన్నాను. నిలబడినప్పుడు బాగా తగ్గింది. ఆయన మోతాదు తగ్గించారు. మాత్ర మానొద్దని, సొంతంగా పెంచొద్దని, నిదానంగా లేవాలని చెప్పారు.

"ఈ వయసులో లేచేది గూడా నేర్చుకోవల్లనా?" అని మామ గొణిగారు.

"నేర్చుకోవల్ల," అన్నాను.

మరునాడు పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "డాక్టరు మళ్లీ చూసి సరే అనేదాకా తాత భుజాల మీదికి ఎక్కొద్దు. తాత పండుకొని లేస్తే కొంచేపు మంచం మీదనే కూర్చోమనండి. తల తిరుగుతాదంటే మాత్ర తెచ్చియ్యొద్దు. పండుకోబెట్టి నన్ను పిలవండి. నేను యాడున్నా వస్తాను."